పవర్ ప్రెస్‌కు లైట్ కర్టెన్: ఏడాదిన్నర వాడిన తర్వాత

హైదరాబాద్ బాలానగర్‌లోని ఒక చిన్న ప్రెస్ షాపులో నేను పద్దెనిమిదేళ్లుగా సూపర్‌వైజరుగా పనిచేస్తున్నాను. ఐదు పవర్ ప్రెస్‌లు (రేకును అచ్చులో పెట్టి కొట్టే యంత్రాలు), రేకు కోసే షేరింగ్ మెషిన్ ఒకటి, అచ్చులు తయారుచేసే టూల్ రూమ్ ఒకటి, రెండు షిఫ్టుల్లో కలిపి ముప్పై రెండు మంది మనుషులు. స్విచ్‌గేర్ బాక్సులకూ, ఫ్యాన్లకూ, వాహనాలకూ కావలసిన రేకు భాగాలను కొట్టి ఇవ్వడం మా పని. 2024 జనవరిలో వంద టన్నుల బలంతో కొట్టే మా ప్రెస్‌కు ఒక లైట్ కర్టెన్, అంటే చేయి లోపలికి వస్తే ప్రెస్‌ను ఆపే కిరణాల కాపలా, బిగించాము. ఏడాదిన్నర పాటు రోజూ రెండు షిఫ్టుల్లో వాడిన తర్వాత, ఇలాంటి పరికరం కొనాలని ఆలోచిస్తున్న యూనిట్ యజమానులకూ, సూపర్‌వైజర్లకూ ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను. నేను చెప్పబోయే విషయాల్లో చాలా వరకు ఏ కంపెనీ కర్టెన్‌కైనా వర్తిస్తాయి కాబట్టి తయారీదారు పేరు రాయడం లేదు.

మేము దీన్ని కొనడానికి కారణం 2022 చివర్లో మా దగ్గర జరిగిన ప్రమాదం. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి అప్పటికి ఏడు నెలలే అయిన ఒక కుర్రాడు యాభై టన్నుల పాత ప్రెస్ మీద పనిచేస్తున్నాడు. కాలితో పెడల్ తొక్కితే రామ్, అంటే రేకును కొట్టే బరువైన దిమ్మ, ఒకసారి కిందికి దిగి పైకి వెళ్లి ఆగాలి. అతను డై (కింది అచ్చు) మీద నుంచి కొట్టిన ముక్కను తీసి కొత్త ముక్కను పెట్టాలి. ఆ రోజు మధ్యాహ్నం తిరిగే చక్రాన్ని రామ్‌తో కలిపి విడదీసే క్లచ్‌లోని ఇనుప కీని వెనక్కి లాగే స్ప్రింగ్ విరిగింది. కీ విడవలేదు. అతను పెడల్ మీద నుంచి కాలు తీసేసినా రామ్ పైకి వెళ్లి, ఆగకుండా రెండోసారి దిగింది. మా షాపుల్లో దీన్ని రిపీట్ అంటారు. కుడి చేతి చూపుడు వేలు రెండు కణుపులు, మధ్య వేలు ఒక కణుపు పోయాయి. అతను చేసిన తప్పు ఏదీ లేదు. నేర్పిన పద్ధతిలోనే, నేర్పిన వేగంతోనే పనిచేశాడు. ఈ మాట ముందుగా చెప్పడం అవసరం, ఎందుకంటే మా పేటలో ఇలాంటి ప్రమాదం జరిగిన ప్రతిసారీ మొదట వినబడేది ‘వాడు అజాగ్రత్తగా చేయి పెట్టాడు’ అనే మాటే.

లైట్ కర్టెన్ అంటే ప్రెస్ ముందు భాగంలో నిలబెట్టే రెండు స్తంభాలు. ఒక దాని నుంచి కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు వరుసగా వెలువడతాయి, రెండోది వాటిని అందుకుంటుంది. ఆ కిరణాల మధ్యకు వేలో, చేయో వచ్చి ఒక్క కిరణం తెగినా పరికరం తన రెండు అవుట్‌పుట్‌లనూ ఆపేస్తుంది, దాంతో రామ్ ఆగాలి. మేము కొన్నది 14 మిల్లీమీటర్ల రిజల్యూషన్ ఉన్నది, అంటే వేలంత సన్నని వస్తువును కూడా గుర్తుపట్టేది. ఐఈసీ 61496 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఇది టైప్ 4 పరికరం. లోపల ఏదైనా భాగం చెడిపోతే తనను తాను పరీక్షించుకుని ఆగిపోయే తరహాది. ప్రెస్‌ల మీద దీనికంటే తక్కువ తరగతి కర్టెన్లను, డబ్బాలు లెక్కపెట్టడానికి వాడే మామూలు సెన్సర్లను పెట్టిన చోట్లు నేను చూశాను. చూడటానికి రెండూ ఒకలాగే ఉంటాయి, ధరలో మాత్రం చాలా తేడా ఉంటుంది. ఆ తేడాను మిగుల్చుకోవాలనుకునేవారు అసలు కొనకపోవడమే మేలు, ఎందుకంటే కాపలా ఉందని నమ్మి చేయి పెట్టే మనిషికి, కాపలా లేదని తెలిసి జాగ్రత్తపడే మనిషి కంటే ప్రమాదం ఎక్కువ.

అన్నిటికంటే ముఖ్యమైన విషయాన్ని మాకు అమ్మడానికి వచ్చిన ప్రతినిధి చెప్పలేదు. అతను ఐదు ప్రెస్‌లనూ చూసి ఐదింటికీ కొటేషన్ ఇచ్చాడు. నిజానికి మా ఐదింటిలో లైట్ కర్టెన్ పనికివచ్చేది ఒక్క దానికే. మిగిలిన నాలుగూ కీ క్లచ్ ప్రెస్‌లు. కీ క్లచ్‌లో ఫ్లైవీల్‌కూ (మోటారు తిప్పే బరువైన చక్రం), రామ్‌ను దించి లేపే క్రాంక్‌కూ మధ్య ఇనుప కీ ఒకసారి పడిందంటే క్రాంక్ పూర్తిగా ఒక చుట్టు తిరిగి పైకి వచ్చేదాకా విడివడదు. నిమిషానికి అరవై స్ట్రోకులు కొట్టే ప్రెస్‌లో రామ్ పైనుంచి కిందికి రావడానికి పట్టేది అర సెకను. ఆ అర సెకనులో కర్టెన్ ఎంత తొందరగా చేతిని చూసినా, ఎంత తొందరగా సంకేతం పంపినా, ఆ సంకేతాన్ని అందుకుని ఆగగలిగే భాగం ఆ యంత్రంలో లేదు. గాలి ఒత్తిడితో పనిచేసే, పలకల రాపిడితో పట్టే ఫ్రిక్షన్ క్లచ్, బ్రేక్ ఉన్న ప్రెస్‌ను మాత్రమే స్ట్రోకు మధ్యలో ఎక్కడైనా ఆపవచ్చు. అమెరికాలో పవర్ ప్రెస్‌ల భద్రతా నిబంధనలు పూర్తి చుట్టు తిరిగే క్లచ్ ఉన్న ప్రెస్‌ల మీద ఇలాంటి పరికరాలను కాపలాగా వాడటాన్ని నిషేధించడానికి కారణం ఇదే. మన చిన్న యూనిట్లలో ఉన్న ప్రెస్‌లలో ఎక్కువ భాగం ఈ కీ క్లచ్‌వే. మా కుర్రాడి వేళ్లు తీసిన యాభై టన్నుల ప్రెస్ కూడా అదే. ఆ ప్రెస్‌కు ఎంత ఖరీదైన కర్టెన్ పెట్టి ఉన్నా ఆ రోజు ఆ వేళ్లు దక్కేవి కావు. కొటేషన్ మీద సంతకం పెట్టే ముందు మా టూల్ రూమ్‌లోని పెద్దాయన ఈ సంగతి గుర్తుచేయకపోతే మేము నాలుగు కర్టెన్ల డబ్బును వృథా చేయడమే కాక, నలుగురు ఆపరేటర్లకు లేని భరోసాను ఇచ్చి ఉండేవాళ్లం.

బిగింపు దగ్గర రెండు తప్పులు జరిగాయి. రెండూ ప్రాణాంతకమైనవే, రెండూ సాధారణంగా జరిగేవే.

మొదటిది వైరింగ్. వచ్చిన ఎలక్ట్రీషియన్ కర్టెన్ అవుట్‌పుట్‌ను మోటారుకు కరెంటు ఇచ్చే కాంటాక్టర్‌కు కలిపాడు. చేయి అడ్డుపెట్టగానే మోటారు ఆగింది, ఎర్ర దీపం వెలిగింది, చూసినవారందరూ బాగుందన్నారు. కానీ ప్రెస్‌ను నడిపే శక్తి ఫ్లైవీల్‌లో ఉంటుంది. మోటారుకు కరెంటు తీసేసినా వంద టన్నుల ప్రెస్ ఫ్లైవీల్ చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది, క్లచ్ పట్టి ఉంటే రామ్ దిగుతూనే ఉంటుంది. కర్టెన్ సంకేతం సేఫ్టీ రిలే (భద్రతా సంకేతాలకు వాడే స్విచ్) ద్వారా క్లచ్‌కు గాలి ఇచ్చే వాల్వ్‌కు వెళ్లాలి. ఆ వాల్వ్ కూడా జంట వాల్వ్ అయి ఉండాలి, ఒకటి ఇరుక్కుపోయినా రెండోది గాలిని వదిలేసేలా. మా ప్రెస్‌కు ఒంటి వాల్వే ఉండేది. జంట వాల్వ్, సేఫ్టీ రిలే కలిపి అదనంగా కొనవలసి వచ్చింది.

రెండోది దూరం. ఎలక్ట్రీషియన్ స్తంభాలను డై నుంచి 200 మిల్లీమీటర్ల దూరంలో, ఆపరేటరుకు అనువుగా ఉంటుందని బిగించాడు. ఈ దూరాన్ని అనువును బట్టి నిర్ణయించకూడదు. ఐఎస్ఓ 13855 ప్రమాణంలో దీనికి లెక్క ఉంది. చేయి సెకనుకు 2000 మిల్లీమీటర్ల వేగంతో ముందుకు వస్తుందని అనుకుని, కిరణం తెగినప్పటి నుంచి రామ్ పూర్తిగా ఆగేదాకా పట్టే సమయంతో ఆ వేగాన్ని గుణించాలి. 14 మిల్లీమీటర్ల కర్టెన్‌కు అంతే. 30 మిల్లీమీటర్ల రిజల్యూషన్ ఉన్న దానికి దీని మీద మరో 128 మిల్లీమీటర్లు కలపాలి, ఎందుకంటే దాని కిరణాల మధ్య నుంచి వేళ్లు కొంత లోపలికి వెళ్లిన తర్వాతే అది చేతిని గుర్తిస్తుంది. కంపెనీ సర్వీసు ఇంజనీరును పిలిపించి స్టాప్ టైమ్ మీటరుతో కొలిపిస్తే మా ప్రెస్ ఆగడానికి మొత్తం 0.21 సెకను పట్టింది. అంటే స్తంభాలు 420 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. వాటిని 200 దగ్గర బిగించి రెండు వారాలు పని చేయించాము. ఆ రెండు వారాల్లో ఎవరైనా ఆగుతుందనే నమ్మకంతో చేయి చాపి ఉంటే రామ్ ఆగే లోపే చేయి డై మీద ఉండేది. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు, ఎందుకంటే బిగింపు అయిందని రిజిస్టరులో సంతకం చేసింది నేనే.

కొలత వల్ల మరో విషయం బయటపడింది. బ్రేక్ లైనింగ్ అరిగిపోయి ఉంది. లైనింగ్ మార్చాక సమయం 0.16 సెకనుకు తగ్గింది, కావలసిన దూరం 320 అయింది. లైనింగ్ మళ్లీ అరుగుతుంది కాబట్టి మేము 360 దగ్గర బిగించాము. ఆరు నెలల తర్వాత కొలిస్తే 0.17 వచ్చింది, అంటే 340, ఇంకా హద్దులోనే ఉంది. ఈ కొలత కర్టెన్‌తో పాటు ఉచితంగా రాదు, విడిగా అడిగి డబ్బు కట్టి చేయించుకోవాలి. నా దృష్టిలో కర్టెన్ ఖరీదులో ఇది విడదీయరాని భాగం. కొలత లేకుండా బిగించిన కర్టెన్‌ను ఏ సూపర్‌వైజరూ ఒప్పుకోకూడదు.

ఇక రోజువారీ వాడకం. పరికరంతో పాటు 14 మిల్లీమీటర్ల మందం ఉన్న ఒక పరీక్ష కడ్డీ ఇస్తారు. ప్రతి షిఫ్టు మొదట్లో దాన్ని పై అంచున, మధ్యలో, కింది అంచున కిరణాల మధ్య నుంచి దించి చూడాలి. కడ్డీ లోపల ఉన్నంతసేపూ ఎర్ర దీపం వెలిగే ఉండాలి. దీనికి రెండు నిమిషాలు పడుతుంది. ఏడాదిన్నరలో ఈ పరీక్షలో పరికరం ఒక్కసారి కూడా తప్పలేదు. అకారణంగా ఆగిన సందర్భాలు మాత్రం చాలా ఉన్నాయి. రేకుకు రాసే నూనె తుంపరలు అద్దం మీద పొరలా పేరుకుంటే కిరణం బలహీనపడి ప్రెస్ ఆగిపోతుంది, మెత్తటి గుడ్డతో తుడిస్తే సరిపోతుంది. ప్రెస్ అదురుకు బ్రాకెట్ బోల్టులు వదులై స్తంభాలు ఒకదానికొకటి ఎదురుగా లేకపోవడం మొదటి మూడు నెలల్లో నాలుగుసార్లు జరిగింది. రబ్బరు దిమ్మలు పెట్టి, బ్రాకెట్లను ప్రెస్ బాడీ నుంచి తీసి నేల మీద నిలిపిన చట్రానికి మార్చాక ఆ బాధ తగ్గింది. పరికరం పొరపాటు పడినప్పుడల్లా ఆగే వైపే పడింది, నడిచే వైపు పడలేదు. దాని విలువ అక్కడే ఉంది.

ఉత్పత్తి తగ్గుతుందా అన్నది అందరూ అడిగే ప్రశ్న. మొదటి నెలలో తగ్గింది. గంటకు 600 ముక్కలు కొట్టే జాబ్ 540కి వచ్చింది. ఆ తర్వాత రామ్ పైకి వెళ్లే సగంలో కర్టెన్ పట్టించుకోకుండా ఉండేలా, రామ్ ఎక్కడ ఉందో దాన్ని బట్టి పనిచేసే క్యామ్ స్విచ్ అమర్పించాము. ప్రమాదం దిగేటప్పుడే కాబట్టి ఇది నిబంధనలు అనుమతించే పద్ధతే, కానీ ఆ స్విచ్‌ను తెలిసినవారు అమర్చి, తాళం వేసి, మళ్లీ పరీక్షించాలి. రామ్ పైకి లేస్తుండగానే చేయి ముక్కను అందుకోవచ్చు కాబట్టి లెక్క 590 దగ్గర నిలిచింది.

కానీ ఆ మొదటి నెలలో జరిగిన ఒక సంఘటనను వదిలేసి ఈ సమీక్ష రాస్తే నిజాయితీ కాదు. కర్టెన్‌ను పనిచేయకుండా పక్కన పెట్టే బైపాస్ తాళం ఒకటి ఉంటుంది, డై మార్చేటప్పుడు సెట్టర్ (డైలు బిగించే మనిషి) వాడటానికి. రాత్రి షిఫ్టులో అద్దం మీద నూనె చేరి ప్రెస్ మాటిమాటికీ ఆగుతుంటే ఆపరేటరు యంత్రాన్ని నిలిపి తుడవడం మొదలుపెట్టాడు. మనుషులను సరఫరా చేసే కాంట్రాక్టరు తరఫు మనిషి వచ్చి లెక్క తగ్గుతోందని కేకలు వేశాడు, బైపాస్ తిప్పమన్నాడు. ‘అన్నా, రెండు నిమిషాలు, తుడిచేస్తాను’ అని ఆపరేటరు బతిమాలినా వినకుండా అతని మీద చేయి చేసుకుని, తాళం తానే తిప్పాడు. తెల్లవారేదాకా ఆ ప్రెస్ కాపలా లేకుండా నడిచింది. ఉదయం నేను వచ్చేసరికి ఆపరేటరు చెంప వాచి ఉంది, తాళం బైపాస్‌లోనే ఉంది, ఎవరూ ఏమీ చెప్పలేదు. రెండు రోజుల తర్వాత హెల్పర్ చెబితే తెలిసింది.

చెంప మీద దెబ్బనూ, వేలు తెగడాన్నీ మనం వేర్వేరు విషయాలుగా చూస్తాము. మొదటిది మనుషుల మధ్య గొడవ అంటాము, రెండోది యంత్రం దగ్గర ప్రమాదం అంటాము. ఆ రాత్రి రెండింటికీ మధ్య ఉన్నది ఒక చిన్న తాళం చెవి మాత్రమే. దెబ్బ తిన్న మనిషి మరుసటి రాత్రి యంత్రాన్ని ఆపడు. స్ప్రింగ్ శబ్దం తేడాగా వినబడినా చెప్పడు. కడ్డీ పరీక్ష చేయకుండానే చేశానని రాస్తాడు. పరికరం చూడగలిగేది చేతిని మాత్రమే. కాబట్టి మేము తాళం చెవిని సెట్టర్ దగ్గర మాత్రమే ఉంచి, ఎవరు ఎప్పుడు తీసుకున్నారో సంతకంతో రాయించడం మొదలుపెట్టాము. బైపాస్‌లో ఉన్నంతసేపూ ప్రెస్ ఇంచింగ్‌లోనే కదిలేలా, అంటే బటన్ నొక్కినంత మేరకే కొద్దికొద్దిగా కదిలేలా ప్యానెల్ మార్పించాము. ఆ కాంట్రాక్టరు మనిషిని లోపలికి రానివ్వవద్దని యజమానితో గట్టిగా చెప్పాను, ఆయన ఒప్పుకున్నారు. ఆ ప్రెస్ మీద ముక్కల లెక్కన ఇచ్చే అదనపు డబ్బు తీసేసి షిఫ్టు కూలీలో కలిపించడానికి మాత్రం ఐదు నెలలు పట్టింది.

కర్టెన్ కాపాడేది ముందు వైపునే. మా దగ్గర ముక్కలను పక్క నుంచి తీసే హెల్పర్ చేయి కర్టెన్‌కు అందదు. రెండు పక్కలా, వెనక వైపూ ఇనుప జాలీ బిగించి, బోల్టులు పనిముట్టుతో తప్ప ఊడకుండా చేసిన తర్వాతే ఆ ప్రెస్ పూర్తిగా మూసినట్టయింది. 360 మిల్లీమీటర్ల దూరం వల్ల ఇంకో చిక్కు కూడా వచ్చింది: సన్నటి మనిషి స్తంభాలకూ ప్రెస్‌కూ మధ్య నిలబడగలడు, అప్పుడు కర్టెన్ వెనక ఉన్న అతన్ని అది చూడదు. ఆ ఖాళీలో వాలుగా ఒక రేకు బల్ల బిగించాము. రెండు చేతుల బటన్లు ఉంటే కర్టెన్ అవసరం లేదని కొందరు వాదిస్తారు. రెండు బటన్లనూ అర సెకను తేడాలోపు కలిపి నొక్కితేనే ప్రెస్ దిగే ఏర్పాటు మంచిదే, ఒక బటన్‌ను టేపు వేసి నొక్కి ఉంచే అలవాటుకు అది అడ్డుకట్ట వేస్తుంది. అయితే అది కాపాడేది బటన్లు నొక్కే మనిషినే. పక్కనున్న హెల్పర్ చేతులు ఖాళీగానే ఉంటాయి.

మిగిలిన నాలుగు కీ క్లచ్ ప్రెస్‌ల సంగతి కూడా చెప్పాలి. వాటికి డై చుట్టూ స్థిరమైన జాలీ పెట్టెలు కట్టించాము; రేకు లోపలికి వెళ్లే సందు ఉంటుంది, వేలు దూరే సందు ఉండదు. చేత్తో పెట్టక తప్పని రెండు జాబ్‌లకు డైని బయటికి లాగి ముక్క పెట్టి లోపలికి తోసే స్లైడ్ చేయించాము, స్లైడ్ పూర్తిగా లోపలికి వెళ్తేనే పెడల్ పనిచేస్తుంది. ముక్క తీయడానికి అయస్కాంతం ఉన్న కర్ర, పటకారు ఇచ్చాము. నాలుగింటికీ కలిపి అయిన ఖర్చు ఒక్క కర్టెన్ ఖర్చులో సగం లోపే. 1968 నుంచి బాలానగర్‌లోనే కేంద్ర టూల్ డిజైన్ సంస్థ ఉంది, అక్కడ నేర్చుకున్న మంచి పనివారు మా చుట్టుపక్కల ఎందరో ఉన్నారు. డై డ్రాయింగ్ ఇచ్చేటప్పుడే దాని జాలీ డ్రాయింగు కూడా అడిగితే వారు ఇస్తారు. ఇన్నేళ్లూ మేము అడగలేదు.

ఖర్చు. కర్టెన్‌కు రూ. 58,000, జంట వాల్వ్, సేఫ్టీ రిలే, ప్యానెల్ పని, చట్రం, కొలత అన్నీ కలిపి మరో రూ. 71,000. కొటేషన్‌లో కనబడేది మొదటి అంకె మాత్రమే కాబట్టి, అంతకు రెట్టింపు పైగా అవుతుందని ముందే అనుకోవడం మంచిది. ఇది ఎక్కువ అనిపించే యజమానులు 2025 నవంబరు వరకు అమల్లో ఉన్న 1923 నాటి కార్మిక పరిహార చట్టంలోని మొదటి షెడ్యూలును ఒకసారి చదవాలి. బొటన వేలు పోతే సంపాదన శక్తిలో 30 శాతం నష్టం, చూపుడు వేలు మొత్తం పోతే 14, మధ్య వేలికి 12, ఉంగరపు వేలికీ చిటికెన వేలికీ 7 చొప్పున. మా కుర్రాడికి పోయిన కణుపులకు ఆ పట్టికలో ఉన్నవి 11, 7. ఈఎస్ఐ (ప్రభుత్వ కార్మిక బీమా) ఉన్న మనిషికి చికిత్స కాలంలో కూలీలో 90 శాతం, ఆ తర్వాత మెడికల్ బోర్డు తేల్చిన శాతం మేరకు జీవితాంతం భృతి వస్తుంది. రోజు కూలీ 500 అయితే దానిలో 90 శాతం 450. ఆ 11, 7 కలిపి నష్టం 18 శాతమని తేలితే రోజుకు వచ్చేది 81 రూపాయలు. ఇరవై మూడేళ్ల కుర్రాడికి కుడి చేతి రెండు వేళ్ల బదులు అది. గుర్గావ్, మానేసర్, ఫరీదాబాద్ ప్రాంతాల వాహన విడిభాగాల కార్మికుల గురించి సేఫ్ ఇన్ ఇండియా సంస్థ 2019 నుంచి ప్రకటిస్తున్న నివేదికల్లో చేతులు నలిగే గాయాలకు పవర్ ప్రెస్‌లే ప్రధాన కారణమనీ, చాలామందికి ఈఎస్ఐ కార్డు ప్రమాదం జరిగాకే చేతికి వచ్చిందనీ ఉంది. అంటే కొందరి విషయంలో ఆ 81 రూపాయల కోసం కూడా తిరగాలి. కదిలే ప్రమాదకర భాగాలకు గట్టి కంచె ఉండాలనీ, యంత్రం నడిచినంతసేపూ అది తన చోట ఉండాలనీ 2025 నవంబరు వరకు అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ చెప్పింది. కర్టెన్ కొనడం దయతో చేసే పని కాదని యజమానులకు చెప్పడానికి నేను ఆ సెక్షన్‌ను గుర్తుచేస్తూ వచ్చాను.

ఫ్రిక్షన్ క్లచ్ ప్రెస్ ఉన్న యూనిట్‌కు ఈ పరికరాన్ని నేను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. అమ్మేవారిని మొదట అడగవలసింది, వారు మీ ప్రెస్ ఆగే సమయాన్ని కొలిచి ఆ అంకెను కాగితం మీద రాసి సంతకం చేసి ఇస్తారా అని. ఇవ్వబోమని అంటే మరొకరి దగ్గరికి వెళ్లడం మంచిది. సర్వీసు విషయంలో మాకు కర్టెన్ అమ్మిన కంపెనీ మీద ఒకే ఒక ఫిర్యాదు ఉంది: అందుకునే వైపు స్తంభం కేబుల్ పాడైనప్పుడు కొత్తది రావడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ యజమాని ఒత్తిడి ఉన్నా ఆ ప్రెస్‌ను ఆపే ఉంచాము, అత్యవసరమైన జాబ్‌ను బయట చేయించాము. ఇప్పుడు ఒక కేబుల్ అదనంగా కొని స్టోరులో ఉంచాము. యాభై టన్నుల పాత ప్రెస్‌ను ఈ మార్చిలో పాత ఇనుము కింద తీసేశాము, ఇంకొకరికి ప్రెస్‌గా అమ్మడానికి నేను ఒప్పుకోలేదు. దాని స్థానంలో ఫ్రిక్షన్ క్లచ్ ఉన్నది వస్తోంది, దానికి రెండో కర్టెన్ ఆర్డరు పెట్టాము. ఉదయం షిఫ్టులో కడ్డీ పరీక్ష చేసి రిజిస్టరు రాసే పని ఇప్పుడు ఆ కుర్రాడిదే; ఎడమ చేత్తో రాయడం నేర్చుకున్నాడు.